భీమడోలు దాకా వెళ్ళొచ్చిన రీలు

ఏలూరు పవర్‌పేటలో, పాత ట్యుటోరియల్ కాలేజీ రేకుల షెడ్డులో మా ఆనంద్ పాల్ మ్యూజియం పెడుతున్నాడంటే ఊళ్ళో సగం మంది నమ్మలేదు. మిగతా సగం మంది నా నోటి నుంచి విన్నారు కాబట్టి అసలే నమ్మలేదు.

కానీ పెట్టాడు. 2007 వేసవిలో. మూడు సినిమా ప్రొజెక్టర్లు, పదకొండు టీవీలు, కొబ్బరిచెట్టుతో పోటీపడే యాంటెన్నా ఒకటి, క్యాసెట్టు మింగితే మళ్ళీ కక్కని వీసీఆర్ ఒకటి, పిల్లలు ఆడి ఆడి మీటలు అరగదీసిన వీడియో గేములు ఒక బల్లనిండా. మ్యూజియం అన్నాక ‘ముట్టుకోరాదు’ అని రాస్తారు కదా. పాల్ రంగు డబ్బా తీసుకుని గోడ మీద ‘దయచేసి ముట్టుకోండి’ అని రాశాడు. ఒక నలుపు తెలుపు టీవీ పక్కన మాత్రం ఇంకో ముక్క చేర్చాడు: ‘బొమ్మ రాకపోతే ఎడమ చెంప మీద ఒకటి వెయ్యండి. కుడి చెంప మీద వేస్తే అలుగుతుంది.’

పాల్ తండ్రి పెదపాడు పక్క ఒక పల్లెలో చర్చి ఉపదేశి. నేనూ వాడూ ఏలూరు కాన్వెంటు బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే స్కేలుతో దెబ్బలు తిన్నవాళ్ళం. మాకు పాఠం చెప్పిన సిస్టర్ బెర్నడెట్ దగ్గర ఒక దీపం పెట్టె ఉండేది. తెల్ల దుప్పటి కట్టి, దాని మీద బైబిల్లోని నోవహు ఓడలోకి ఎక్కుతున్న జంతువుల బొమ్మలు వేసి చూపించేది. ఏనుగు దుప్పటి అంచు దాటి వెళ్ళిపోగానే పాల్ లేచి దుప్పటి వెనక్కి వెళ్ళాడు. సిస్టర్ లాక్కొచ్చి అరచేతి మీద ఒకటి వేసింది. ఆ చప్పుడు తాడేపల్లిగూడెం స్టేషన్లో వినిపించి గార్డు పచ్చజెండా ఊపేశాడని నేను అరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. వాడు ఏడవలేదు. “సిస్టర్, ఏనుగు ఎటు పోయింది?” అని అడిగాడు. వాడి బతుకంతా ఆ ఏనుగు వెంట నడిచిందే.

ఇరవై ఏళ్ళకే టూరింగు టాకీసులో ఆపరేటరు. వర్షాకాలం వెళ్ళాక ప్రొజెక్టరు పడవ మీద వేసుకుని కొల్లేటి లంకలకు వెళ్ళేవాడు. చోటు లేని లంకల్లో ప్రొజెక్టరు గట్టు మీద పెట్టి, తెర పడవకి కట్టి ఆడించేవాడు. గాలికి పడవ పక్కకి జరిగితే తెరా జరిగేది, జనం చాపలు చంకన పెట్టుకుని గట్టు వెంట తెరతోపాటు నడిచేవాళ్ళు. ఇందులో అబద్ధం చాపలు ఒక్కటే.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఒక సినిమా హాల్లో పదిహేనేళ్ళు చేశాడు. టీవీలు వచ్చి జనం ఇళ్ళల్లో కూర్చుంటే వాడు ఆ ఇళ్ళ డాబాల మీదికెక్కి యాంటెన్నాలు తిప్పాడు. టీవీలు బాగుచేసే దుకాణం పెట్టాడు. పిల్లలు వీడియో గేములంటే గేములు పెట్టాడు. ప్రతిసారీ జనం పాతది వదిలేసి కొత్తదాని వెంట పోయేవారు. వాడు కొత్తదానితో బతుకుతూ పాతదాన్ని ఇంటికి మోసుకొచ్చేవాడు.

ఆ ఇంట్లో వాడి భార్య సలోమి పడుకోవడానికి ఒక మంచం, నడవడానికి ఒక సందు మిగిలాయి. ఒకసారి నాతో అంది: “అన్నయ్యగారూ, ఈయన పాడైపోయిన మిషను ఒక్కటీ బయట పారెయ్యరండి. అందుకే నేను ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటున్నాను. నాకు కూడా చీటీ అంటించి మూల నిలబెట్టేస్తారేమోనని.”

“నీకు చీటీ అక్కర్లేదే. నీ గొంతు వింటే ఏ సంవత్సరం తయారో తెలిసిపోతుంది,” అన్నాడు పాల్.

ఇప్పుడు రీలు సంగతి చెప్పాలి.

సిస్టర్ బెర్నడెట్ దగ్గర ఇక్కడున్న చివరి రోజుల్లో ఒక చిన్న సినిమా కెమేరా ఉండేది. 1970లో లంకల్లో మందులిచ్చేందుకు వెళ్ళినప్పుడు ఎనిమిది నిమిషాల బొమ్మ తీసింది. మాటల్లేవు, నలుపు తెలుపు. తన దేశం వెళ్ళిపోతూ ఆ రీలు పాల్ చేతిలో పెట్టి, “నీ ఏనుగు ఇందులో లేదు, వెతక్కు,” అందట. పాల్ ఒకసారి వేసి చూసి, డబ్బాలో పెట్టి దాచుకున్నాడు.

మ్యూజియానికి పాత సామాన్ల కోసం తిరుగుతూ, 2007 మొదట్లో ఒక లంకకి వెళ్ళి పాపాయమ్మ అనే పెద్దావిడ గుమ్మంలో నిలబడ్డాడు. రెండు కళ్ళలో శుక్లాలు. చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది.

“పాత రేడియో ఏమన్నా ఉందా అమ్మా?”

“రేడియో లేదు బాబూ. మా ఇంట్లో ఫోటో కూడా లేదు. మా ఆయన్ని మాత్రం ఒకసారి దొరసానమ్మ మిషను పెట్టి తీసింది. ఆవిణ్ణి పడవలో తిప్పేవాడు కదా. నేను ఆవిడకి కాఫీ కాస్తా పొయ్యి దగ్గర ఉండిపోయాను. తీయడం చూడలేదు, తీసింది చూడలేదు. మరుసటేడే జ్వరం వచ్చి పోయాడు.”

పాల్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. “ఆయన ఏ చేతివాటం అమ్మా?”

“ఎడం చెయ్యి. గడ కూడా ఎడం పక్కే వేసేవాడు. ఊరంతా నవ్వేవాళ్ళు. నీకెలా తెలుసు?”

పాల్ దగ్గరున్న రీలులో నలభై సెకన్లపాటు ఒక మనిషి ఎడమ పక్క గడ వేస్తూ పడవ నడుపుతాడు. పేరు జగ్గారావు. ఆ పేరు కూడా ఆమె పలకలేదు, పొరుగావిడ చెప్పింది.

సలోమి ఆమెను ఏలూరు తీసుకొచ్చి ముందు కుడికన్నుకి ఆపరేషను చేయించింది. డాక్టరుగారు నలభై రోజులు నల్లద్దాలు తియ్యొద్దన్నారు. పాపాయమ్మ ఇంకో షరతు తనే పెట్టుకుంది. “నలభై ఒకటో రోజున అద్దాలు తీసి మొదట ఆయన్నే చూస్తాను. అప్పటిదాకా మీ మొహాలన్నీ నల్లగానే ఉండనివ్వండి.”

నలభై ఒకటో రోజు మే నెలలో ఒక శనివారం. పదకొండు గంటలకి మ్యూజియం తెరుస్తానని, మొదటి ఆట ఆమెదేనని పాల్ మాట ఇచ్చేశాడు. ఆ రీలుకి రెండో కాపీ లేదు. అది పోతే జగ్గారావు రెండోసారి పోయినట్టే.

ఎండాకాలంలో ఫిల్ము పాడవుతుందని పాల్ భయం. ఆ ఏడు ఎండలు ఎలా ఉన్నాయంటే కొల్లేట్లో చేపలు నీడ కోసం గట్టెక్కాయి. అందుకని వాడు రీలు డబ్బా మూత చుట్టూ సైకిలు ట్యూబు రబ్బరు బిగించి, చేపలు ఎగుమతి చేసే తెల్ల థర్మోకోల్ పెట్టెలో పెట్టి, టేపు చుట్టి, పెదపాడు రోడ్డులో బుల్లిరాజు గారి చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు గదిలో దాచేవాడు. బుల్లిరాజు మంచివాడు. ఐసు గదిలో వెనక మూల పాల్ కోసం ఒక అడుగు చోటు వదిలేశాడు.

శుక్రవారం సాయంత్రం పాల్ షెడ్డుకి వెళ్ళి, మూలనున్న తన పెట్టెను తెచ్చి తలుపు పక్కన పెట్టి వచ్చాడు. ఎందుకని అడగండి. ముప్పయ్యేళ్ళు ఆపరేటరు గదిలో బతికినవాడి అలవాటు అది. తర్వాత వెయ్యాల్సిన రీలు ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి. చీకట్లో చెయ్యి చాపితే తగలాలి. కాబట్టి రేపటి ఆట రీలు తలుపు పక్కన పెట్టాడు.

చేపల షెడ్డులో కూడా తలుపు పక్కన పెట్టడానికి ఒక అర్థం ఉంది. టేపు చుట్టి తలుపు పక్కన పెట్టిన పెట్టె అంటే లారీ ఎక్కాల్సిన పెట్టె.

శనివారం పొద్దున్న ఏడున్నరకి నా స్కూటరు మీద ఇద్దరం వెళ్ళేసరికి తలుపు పక్కన తడి నేల తప్ప ఏమీ లేదు. పాల్ ఐసు గదంతా వెతికాడు. బయటికొచ్చాడు. “తలుపు పక్కన పెట్టిన నా పెట్టె ఏదీ?” అని కేకేశాడు.

బుల్లిరాజు లుంగీ పైకి కట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. “అయ్యబాబోయ్, అది మీదాండీ? మావాళ్ళు లోడులో ఎక్కించేసుంటారండి. కొత్త లారీ అండి, మొదటి లోడు. ఆరింటికే హౌరా బయల్దేరిపోయింది.”

“హౌరానా?” అన్నాడు పాల్.

“ఎల్లుండి పొద్దున్నకల్లా చేరిపోద్దండి,” అన్నాడు బుల్లిరాజు, ధైర్యం చెబుతున్నాననుకుని.

డ్రైవరు బంగార్రాజుకి సెల్లు కొట్టాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ కొట్టాడు. అంతే.

“బండి తియ్యరా,” అన్నాడు పాల్ నాతో.

“లారీ గంటన్నర ముందుంది. నా స్కూటరుని సైకిళ్ళు దాటుతాయి.”

“హౌరా దాకా ఎక్కడో ఒకచోట టీ తాగకపోతాడా? తియ్యి.”

తీశాను. ఆ స్కూటరు ఏనాడూ ముప్పై దాటలేదు. ఆ రోజు కూడా దాటలేదు. ఇది నేను కోతలు కొయ్యని ఒకే ఒక్క విషయం. ఏలూరు దాటాం. వెనక పాల్ ప్రార్థన మొదలుపెట్టాడు. గుండుగొలను దాటేసరికి ప్రార్థన ఆపి లెక్కలు వేశాడు: ఇప్పటికి తాడేపల్లిగూడెం దాటుంటాడు, తణుకు దగ్గరుంటాడు, గోదావరి వంతెన ఎక్కేస్తాడు.

“ఆవిడకి ఏం చెప్పను?” అన్నాడు.

“నన్ను చెప్పనియ్యి. ఏదో ఒకటి అల్లుతాను.”

“వద్దు. నువ్వు చెబితే ఆవిడ నిజంగా నమ్మేస్తుంది.”

అరవయ్యేళ్ళ స్నేహంలో వాడు నన్ను మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియనిది ఆ ఒక్క మాటే.

భీమడోలు వచ్చింది. నేను ముందుకే పోనిస్తున్నాను. పాల్ నా భుజం పట్టుకుని గుంజాడు. రోడ్డు పక్కన, టీ కొట్టు ముందు, కొత్త లారీ. ముందు అరటి పిలకలు, నిమ్మకాయల దండ, అద్దం నిండా పసుపు. వెనక నుంచి ఐసు నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. లోపల మనిషి లేడు. సీటు మీద సెల్లు మోగుతోంది. ఏలూరులో బుల్లిరాజు ఇంకా కొడుతూనే ఉన్నాడు.

టీ కొట్టు ఆయన చెప్పాడు. “డ్రైవరుగారు కొండకెళ్ళారండి. ద్వారకా తిరుమల. కొత్త బండి కదండీ, స్వామి కుంకం పెట్టకుండా పొలిమేర దాటదంట. మరి చేపల లోడుతో కొండెక్కకూడదు కదండీ. బండి ఇక్కడ నాకు అప్పజెప్పి, తలారా స్నానం చేసి బస్సెక్కారు. శనివారం కదండీ, క్యూ పెద్దదే ఉంటాది.”

క్యూలైన్లో నిలబడి ఎదరవాళ్ళని తిట్టుకునే భక్తుల్ని చాలామందిని చూశాను. మా ఆనంద్ పాల్ ఒక్కడే రోడ్డు మీద నిలబడి ఆ క్యూ అంత పెద్దదైనందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు.

కానీ గండం గడవలేదు. ఎనిమిదిన్నర దాటింది. లారీ కింద చెయ్యి పెట్టి కారుతున్న చుక్కలు పట్టుకుని చూశాడు. “ఐసు కరుగుతోంది. డబ్బాలోకి నీళ్ళు దిగితే?”

“రబ్బరు బిగించావుగా?”

“సైకిలు ట్యూబురా అది. పడవ కాదు.”

తొమ్మిదింపావుకి బంగార్రాజు బస్సు దిగాడు. నలభై ఏళ్ళ భారీ మనిషి, నుదుట అంత బొట్టు, చేతిలో ప్రసాదం. పాల్ ఎదురెళ్ళి సంగతి చెప్పాడు. అతను ఓపికగా విని తల అడ్డంగా ఊపాడు.

“తప్పండి. మొదటి లోడుకి కట్టిన తాడు గమ్యం చేరకుండా విప్పకూడదండి. మీ డబ్బా ఎక్కడికీ పోదు. హౌరాలో దింపి, మళ్ళీ వచ్చేటప్పుడు జాగ్రత్తగా తెచ్చేత్తాను. ఆయ్.”

“ఈ పదకొండింటికే కావాలండి!”

“సినిమా రీలే కదండీ బాబూ. ఇంకోటి కొనుక్కోండి.”

ఇక నావల్ల కాలేదు.

“బంగార్రాజూ,” అన్నాను. “ఆ పెట్టెలో ఒక మనిషి ఉన్నాడయ్యా.”

ప్రసాదం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “ఏటండీ?”

“మనిషి. జగ్గారావని పేరు. ముప్పయ్యారేళ్ళ క్రితం పోయాడు. ఏలూరులో భార్య ఎదురుచూస్తోంది. నువ్వేమో ఐసు వేసి హౌరా పంపిస్తున్నావు.”

“నా బండిలో… మొదటి లోడులో… శవవా అండీ?”

అబద్ధమంటే గిట్టని పాల్ గబుక్కున అడ్డం వచ్చాడు. “శవం కాదండి! పడవ నడుపుతున్నాడు.”

బంగార్రాజు మా ఇద్దరి మొహాలూ చూశాడు. పాల్ మొహంలో అబద్ధం లేదు, నా మొహంలో ఎప్పుడూ ఉండేదే. అప్పుడు పాల్ గుక్క తిప్పుకుని మొత్తం చెప్పాడు: ఫోటో కూడా లేని ఇల్లు, కాఫీ కాస్తూ ఉండిపోయిన ఆవిడ, నల్లద్దాలు, నలభై ఒకటో రోజు. బంగార్రాజు ప్రసాదం టీ కొట్టు బల్ల మీద పెట్టేశాడు.

“ఈ ముక్క ముందు చెప్పొచ్చు కదండీ! మా అమ్మకీ అంతేనండి, మా నాన్న ఫోటో లేదు. ఓటరు కార్డు మీదున్న మసక బొమ్మకే దండేసుకుంటాది.” తాడు ముడి మీద చెయ్యి వేసి, కొండ ఉన్న దిక్కుకి తిరిగి, “స్వామీ, ఇది విప్పడం కాదు, సర్దడం,” అని చెప్పుకుని విప్పేశాడు.

టార్పాలిన్ కింద మూడొందల పెట్టెలు. అన్నీ తెల్లనివే, అన్నీ అదే టేపు. పాల్ అడుగు వరుస కేసి చూశాడు. “తలుపు పక్కది ముందు ఎక్కిస్తారు. అంటే అన్నిటికన్నా అడుగున ఉంటుంది.”

బంగార్రాజు పైకెక్కి నవ్వాడు. “మీది బరువెంత?”

“కిలో ఉంటుందేమో.”

“చేపల పెట్టె ముప్పై నలభై కిలోలండి. తేలిక పెట్టె అడుగున పెడితే నలిగిపోదూ? చేతికి తేలిగ్గా తగిలినవి ఎత్తి పైన పెట్టేత్తారు మావాళ్ళు.” పై వరుసలో ఒక్కొక్కటీ తట్టి చూసుకుంటూ వెళ్ళి, అయిదోదో ఆరోదో ఒంటిచేత్తో ఎత్తాడు. “ఇదిగోండి. మీ జగ్గారావుగారు.”

పెట్టె విప్పాం. లోడు పైన పరిచిన ఐసు కరిగి, పక్క పెట్టెల చేపల నీళ్ళతో కలిసి టేపు సందుల్లోంచి అందులోకి దిగింది. డబ్బా ఆ నీళ్ళలో తేలుతోంది. పాల్ చొక్కా చెంగుతో తుడిచి, రబ్బరు ఊడదీసి, మూత ఎత్తి, వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

“పొడిగా ఉందిరా,” అన్నాడు. అని టీ కొట్టు బల్ల మీద కూలబడి, పన్నెండేళ్ళ కింద డాక్టరు మాన్పించిన పంచదార టీ రెండు తాగాడు. నేను సలోమికి ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు.

తిరుగు దారిలో నా స్కూటరు ఎగిరింది. ఇది మాత్రం మీరు నమ్మాలి.

మ్యూజియం చేరేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. ఆలస్యమైందని తెలియనివ్వకుండా సలోమి పాపాయమ్మను వీడియో గేము ముందు కూర్చోబెట్టింది. తెర మీద బాతులు ఎగురుతుంటే ప్లాస్టిక్ తుపాకీతో కొట్టాల్సిన ఆట. పాపాయమ్మ నల్లద్దాలతో, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“కొట్టండి పిన్నిగారూ, మీటే కదా,” అంటోంది సలోమి.

“ఇవి పిట్టలు కావూ? కొల్లేటి పిట్టల్ని కొడితే ఫారెస్టు గార్డులు పట్టుకుపోతారు. నాకెందుకమ్మా ఈ వయసులో.”

చుట్టూ చేరిన జనం నవ్వుతున్నారు. పాల్ తిన్నగా ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళాడు. రీలు ఎక్కించాడు. ఫిల్ము అంచు పళ్ళచక్రానికి తగిలించాడు. సలోమి కిటికీలు మూసి, పాపాయమ్మను తెర ముందు బల్ల మీద కూర్చోబెట్టి నెమ్మదిగా నల్లద్దాలు తీసింది. పాపాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది.

“వచ్చినప్పుడు చెప్పు బాబూ.”

మందులిస్తున్న సిస్టర్లు వెళ్ళారు. గుడిసెలు వెళ్ళాయి. నీళ్ళు వచ్చాయి, తూడు పొదలు, కొంగలు.

“ఇప్పుడమ్మా,” అన్నాడు పాల్.

ఆమె కళ్ళు తెరిచింది. ఒక సన్నటి మనిషి తలకి తువ్వాలు చుట్టుకుని ఎడమ పక్క గడ వేస్తున్నాడు. ఒకసారి తిరిగి కెమేరా వైపు చూసి, ఎవరో మందలించినట్టు గబుక్కున ముందుకు తిరిగాడు. చల్లటి చోట దాచినందుకో ఏమో, బొమ్మ మీద మరక కూడా లేదు. దీపం వేడికి ఆ రీలు నుంచో, డబ్బా నుంచో, పాల్ చొక్కా నుంచో, నా నుంచో, గదంతా చేపల వాసన మెల్లగా కమ్ముకుంది. సలోమి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మావైపు కళ్ళెర్రజేసింది. పాల్ సిగ్గుతో చచ్చిపోయాడు.

పాపాయమ్మ గాలి గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది.

“ఆయనే,” అంది. “వాసన కూడా ఆయనదే.”

నలభై సెకన్లు అయిపోయాయి. పడవ తెర అంచు దాటింది. ఆమె లేచి, తెర పక్కకి వెళ్ళి, దాని వెనక్కి తొంగి చూసింది. మా సిస్టర్ ఉంటే స్కేలు తీసేదే. పాల్ రీలు వెనక్కి చుట్టి మళ్ళీ మొదటి నుంచి వేశాడు.